కార్గో షెడ్డులో నడుము పట్టేసింది, "ఇంట్లో జరిగిందని రాయి" అంటున్నారు. ఏం చేయాలి?

రాత్రిషిఫ్టు_రవి
విమానాశ్రయం కార్గోలో లోడర్‌ని. ప్యాలెట్ (సరుకు పేర్చి విమానంలోకి ఎక్కించే పలక) కట్టే దగ్గర పని. మొన్న రాత్రి ఒక లాట్ కడుతుంటే మధ్యలో ఒక పెట్టె వచ్చింది. చూడటానికి మిగతావాటిలాగే ఉంది, అదే సైజు, అదే టేపు. అలవాటు చొప్పున ఎత్తాను. సగం లేచాక తెలిసింది, లోపల ఏదో ఇనప సామాను ఉందని. వదిలేస్తే పక్కవాడి కాలి మీద పడుతుంది. అందుకని గట్టిగా పట్టుకుని పక్కకు తిరిగి పెట్టాను. నడుములో ఏదో లాగేసింది. ఇప్పుడు ఎడమ కాలి వెనక వైపు మడమ దాకా తిమ్మిరి దిగుతోంది.

సూపర్‌వైజరుకి చెప్తే "రెండు రోజులు రెస్టు తీసుకో, రిజిస్టర్లో వద్దు, ఎవరైనా అడిగితే ఇంట్లో జరిగిందని రాసివ్వు" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు, పైవాళ్ళు ఆయన్ని నిలదీస్తారు. షెడ్డు గోడ మీద "ప్రమాదాలు లేని రోజులు" అని బోర్డు ఉంది, నా వల్ల అది మళ్ళీ సున్నాకి వస్తుందని అందరికీ టెన్షన్. నాది కాంట్రాక్టు ఉద్యోగం. గొడవ పెట్టుకుంటే వచ్చే నెల పిలుస్తారో లేదో. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఏం చేశారు?

టగ్గు_డ్రైవర్
రాసివ్వొద్దు. ఇంట్లో జరిగిందని నీ చేత్తో నువ్వే సంతకం పెడితే, రేపు ఆపరేషన్ దాకా వెళ్ళినా ఎవరూ నీ మాట వినరు.

గాలిపటం
పైన చెప్పిందే నా మాట కూడా. సంతకం పెట్టకు. తీరిగ్గా ఆలోచించి చెప్తానని తప్పించుకో, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళు.

వెన్నుపూస
ఫిజియోథెరపీ చేస్తాను. ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఇది చదవండి రవి గారూ. నొప్పి నడుము దగ్గరే ఉంటే ఒక లెక్క, కాలిలోకి తిమ్మిరి దిగితే ఇంకో లెక్క. డిస్కు జరిగి నరం మీద ఒత్తిడి పడుతున్నప్పుడు ఇలా అవుతుంది. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. కానీ మూత్రం ఆగిపోవడం, తెలియకుండా పోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి లేపలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పొద్దున దాకా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి. అక్కడ గంటలు కూడా లెక్కే.

అవేవీ లేకపోతే రేపే డాక్టర్ని కలవండి. ఎలా జరిగిందని అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి: పనిలో, ఫలానా రాత్రి, బరువు ఎత్తి పక్కకు తిరుగుతుంటే. అది చీటీలో పడాలి. రెండు రోజుల రెస్టు అంటే మంచం మీదే పడి ఉండమని కాదు. ఓర్చుకోగలిగినంత నడవండి. బరువులు మాత్రం ముట్టుకోవద్దు.

రాత్రిషిఫ్టు_రవి
అవేం లేవు మేడమ్. పాదం లేస్తోంది. రేపు పొద్దున్నే వెళ్తాను.

పాత_షెడ్డు
నేను సూపర్‌వైజర్‌ని, ఆ వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి. ఇంట్లో జరిగిందని రాయించడం తప్పు, దాన్ని నేను సమర్థించను. కానీ అన్నీ పైవాళ్ళ మీద తోసేయకండి. ప్రతి కొత్త బ్యాచ్‌కీ ట్రైనింగ్ ఇస్తాం: మోకాళ్ళు వంచు, వీపు నిటారుగా పెట్టు, పెట్టెను ఒంటికి దగ్గరగా పట్టుకో, ఎత్తకముందు ఒక మూల కదిపి చూడు, ఎత్తాక నడుము తిప్పకు, పాదాలు తిప్పు. గంట గడిచాక ఎవరూ పాటించరు. రవి ఆ పెట్టెను ఒక్కసారి కదిపి చూసి ఉంటే బరువు తెలిసేది కదా?

ఫోర్క్‌లిఫ్ట్_బాబాయి
పాత_షెడ్డు గారూ, మీరు చెప్పింది ట్రైనింగ్ గదిలో బాగుంటుంది. నేను ఫోర్క్‌లిఫ్టు ఎక్కకముందు చాలా ఏళ్ళు ర్యాంపు మీద, అంటే విమానాలు ఆగే చోట, చిన్న విమానాల్లో బల్క్ లోడింగ్ (సామాను విడివిడిగా చేత్తో ఎక్కించడం) చేశాను. ఆ హోల్డ్, అంటే విమానం పొట్టలో సామాను పెట్టే గది, ఎత్తు నాలుగడుగుల చుట్టుపక్కల. నిలబడే వీలే లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, మెడ వంచి, బెల్టు మీద వచ్చేదాన్ని లాగి, పక్కకు తిరిగి, వెనక వరసలో తల కంటే ఎత్తుకి తోయాలి. అక్కడ మోకాళ్ళు ఇంకెక్కడ వంచను, వీపు ఎలా నిటారుగా పెట్టను? పాదాలు తిప్పమంటారు, పాదాల మీద ఉంటే కదా తిప్పేది!

షెడ్డులో కూడా అంతే. ప్యాలెట్ మధ్యలో మొదటి వరస పేర్చాలంటే చేయి బారుగా చాచాల్సిందే. పెట్టె ఒంటికి దగ్గరగా ఎలా ఉంటుంది? కటాఫ్ (విమానానికి సరుకు అప్పగించాల్సిన గడువు) గంట మోగుతుంటే ప్రతి పెట్టె మూలా కదిపి చూసేంత టైము మీరిస్తారా? ఇస్తానంటే నేనిప్పుడే మీ షెడ్డులో చేరతాను.

టగ్గు_డ్రైవర్
బాబాయ్, నీ పోస్టు చదువుతుంటేనే నా మోకాళ్ళు పట్టేస్తున్నాయి.

సరుకు_సుబ్బు
నేను ఫార్వార్డింగ్ వైపు, అంటే మీ షెడ్డుకి సరుకు పంపే వైపు. ఆ పెట్టె మిగతావాటిలా కనిపించడం ఎందుకో చెప్తాను.

ఎయిర్‌వే బిల్లు (సరుకుతో పాటు వచ్చే రవాణా కాగితం) మీద మొత్తం ఎన్ని పెట్టెలు, మొత్తం ఎంత బరువు అనే ఉంటుంది. ఒక్కో పెట్టె బరువు ఉండదు. 40 పెట్టెలు 800 కేజీలు అని కనిపిస్తే చదివేవాడి బుర్రలో సగటున 20 అని పడుతుంది. కానీ అందులో 12 కేజీలవి ముప్పైకి పైగా ఉండొచ్చు, 60 దాటినవి నాలుగైదు ఉండొచ్చు. మొత్తం లాట్‌ను ఒకేసారి కాటా మీద పెడతారు, లెక్క సరిపోతుంది, అందరూ సంతకం చేస్తారు.

దీని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. విమానంలో ఛార్జీ అసలు బరువుకీ, ఆక్రమించే చోటుకీ, ఏది ఎక్కువైతే దానికి. ఒక ఘనమీటరును మామూలుగా 167 కేజీలుగా లెక్కేస్తారు. అందుకే తేలికైన పెద్ద పెట్టెలతో బరువైన చిన్న సరుకు కలిపి పంపితే గిట్టుబాటు. బట్టల పెట్టెల పక్కన పంపు విడిభాగాలు వచ్చి చేరేది అందుకే. అది తప్పేం కాదు, వ్యాపారం. తప్పు ఎక్కడంటే బరువైన పెట్టె మీద "బరువు" అని స్టిక్కరు వేయకపోవడం. ఒక్క స్టిక్కరు, ఒక్క మార్కరు పెన్ను. మా ఆఫీసులో నేను పట్టుబట్టి వేయిస్తున్నాను, కానీ అందరూ వేయరు. మీ షెడ్డు వాళ్ళు స్టిక్కరు లేని బరువు పెట్టెను వెనక్కి పంపడం మొదలుపెడితే వారం తిరక్కముందే మా అందరికీ అలవాటవుతుంది.

పాత_షెడ్డు
సుబ్బు గారి మాట నిజం. వెనక్కి పంపే అధికారం నాకు లేదు, అది కమర్షియల్ వాళ్ళ చేతుల్లో ఉంది. వెనక్కి పంపితే కస్టమరు పక్క టెర్మినల్‌కి పోతాడని వాళ్ళ భయం.

రూల్‌బుక్
సేఫ్టీ విభాగంలో పని. మోకాళ్ళు వంచమనే దాని మీద ఒక లెక్క చెప్తాను, పని ఎలా అమర్చారన్నదే ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది.

అమెరికాలో పని భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ 1991లో సవరించిన బరువు సూత్రం ఒకటి ఉంది. చాలా దేశాల్లో సేఫ్టీ వాళ్ళు వాడతారు. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే పెట్టె ఒంటికి ఆనుకుని, నడుము ఎత్తులో, మంచి పట్టుతో, ఎప్పుడో ఒకసారి ఎత్తితే హద్దు 23 కేజీలు. పరిస్థితి చెడే కొద్దీ అది తరుగుతుంది. చేతులు ఒంటికి 50 సెంటీమీటర్ల దూరం చాపితే సగానికి, 11.5కి పడిపోతుంది. దానికి తోడు నడుము 90 డిగ్రీలు తిప్పితే దాదాపు 8. నేల మీంచి ఎత్తడం, నిమిషానికి ఇన్నిసార్లు ఎత్తడం కలిపితే ఇంకా తక్కువ. రవి గారు ఎత్తింది ఎంత బరువో మనకి తెలీదు, కానీ పక్కకు తిరిగి పెట్టారు. 20 కేజీల పెట్టె అయినా ఆ భంగిమలో ఎక్కువే.

బాబాయి గారు చెప్పిన హోల్డ్ సంగతి. మోకాళ్ళ మీద ఉండి, ఇరుకులో ఎత్తే పనికి ఈ సూత్రం వర్తించదని దాన్ని తయారు చేసినవాళ్ళే రాశారు. అంటే అక్కడ 23 అనే సంఖ్యను పట్టుకుని "ఇది సేఫే" అని చెప్పడానికి ఎవరికీ ఆధారం లేదు.

గాలిపటం
మరి ప్రయాణికుల బ్యాగులకి 32 కేజీల హద్దు ఉంటుంది కదా?

రూల్‌బుక్
ఉంటుంది, చాలా ఎయిర్‌లైన్లు ఒక్క బ్యాగు 32 దాటితే తీసుకోవు, అది లోడర్ల ఆరోగ్యం కోసమే. 23 దాటిన దానికి "హెవీ" ట్యాగు కూడా వేస్తారు. కార్గో పెట్టెకి అలాంటి పైహద్దు లేదు. బరువైతే మిషన్‌తో ఎత్తుతారులే అన్న లెక్కలో వదిలేశారు. మిషన్ దగ్గర్లో లేనప్పుడే మనిషి వంగుతాడు.

చిన్నోడు_ర్యాంపు
నడుము బెల్టు కొనుక్కోమని మా సీనియర్లు అంటున్నారు. రవి అన్న బెల్టు పెట్టుకుని ఉంటే ఇంత అయ్యేది కాదా?

వెన్నుపూస
బెల్టు వల్ల గాయాలు తగ్గుతాయనడానికి సరైన ఆధారం లేదని నియోష్ 1994లోనే చెప్పింది. తర్వాత 2000లో దుకాణాల్లో సరుకు మోసే వేలమంది మీద చేసిన పెద్ద అధ్యయనంలోనూ బెల్టు పెట్టుకున్నవాళ్ళకీ పెట్టుకోనివాళ్ళకీ తేడా కనపడలేదు. బెల్టు వేసుకుంటే ఇంకొంచెం ఎత్తగలనన్న ధైర్యం వస్తుంది, నా భయం దాని గురించే. నొప్పి తగ్గాక కొన్ని రోజులు డాక్టర్ చెప్తే వాడటం వేరు.

పాత_షెడ్డు
నేను ఒప్పుకోను మేడమ్. మా వాళ్ళలో చాలామంది బెల్టు లేకుండా షిఫ్టు చేయలేమంటారు. పుస్తకాల్లో ఏమున్నా వాళ్ళ నడుముకి తెలుస్తుంది కదా.

వెన్నుపూస
సపోర్టుగా అనిపించడం నిజమే, దాన్ని కాదనను. ఎవరికైనా హాయిగా ఉంటే వాడుకోనివ్వండి. బెల్టులు కొనిచ్చాం కాబట్టి లిఫ్టు టేబుల్ అక్కర్లేదని అనకండి, అంతే.

టగ్గు_డ్రైవర్
ఇక్కడందరూ ఎత్తడం గురించే మాట్లాడుతున్నారు. నేను చూసిన పెద్ద దెబ్బలన్నీ నెట్టడంలో, నలగడంలో తగిలినవే. ఎల్‌డీ3 రకం విమాన కంటైనరు నిండితే 1,588 కేజీల దాకా పోవచ్చు. పెద్ద ప్యాలెట్ 6,804 దాకా. దాన్ని మనుషులు నెట్టగలుగుతున్నారంటే కింద బంతులూ రోలర్లూ తిరుగుతున్నాయి కాబట్టి. ఆ రోలర్లలో నాలుగు బిగుసుకుపోతే? ప్యాలెట్ ఒక చోట ఆగుతుంది. నలుగురు భుజాలు ఆనించి "హైలెస్సా" అని నెడతారు. కదిలిందంటే ఒక్కసారిగా కదులుతుంది, ఇక ఆపడం ఎవరి వల్లా కాదు. అవతల వైపు ఎవడి వేళ్ళు ఉన్నాయో ఎవరికి తెలుసు?

మా దగ్గర ఒకతను కంటైనరు అంచుకీ డాలీ (కంటైనరును మోసే చక్రాల బండి) స్టాపర్‌కీ మధ్య చేయి పెట్టి ఉండగా వెనకనుంచి ఇంకో కంటైనరు వచ్చి తగిలింది. ఆ డాలీ లాకు పనిచేయడం లేదని అంతకుముందే చెప్పాం. "రిపేరుకి పంపుతాం, ఈ ఫ్లైటు అవనివ్వండి" అన్నారు. రెండు వేళ్ళు పోయాయి. అతనిప్పుడు డాక్యుమెంట్ కౌంటర్లో కూర్చుంటున్నాడు, పెన్ను పట్టుకోవడం మళ్ళీ నేర్చుకున్నాడు. ఎంత మంచి పనితనం అతనిది, సరుకు మీద వల కడితే సీనియర్లు కూడా వచ్చి చూసేవాళ్ళు.

నేను టగ్గు, అంటే డాలీలను లాగే బండి, నడుపుతాను కాబట్టి నా నియమం ఒకటే. లాకు పడని డాలీ నా వెనక తగిలించను. ఎవరేమన్నా సరే.

ఫోర్క్‌లిఫ్ట్_బాబాయి
నూరుపాళ్ళు నిజం. చెడిపోయిన డాలీకి ఎర్ర ట్యాగు కట్టి లైన్లోంచి తీసేయాలి. మా దగ్గర ట్యాగు కడతారు, ఫ్లైట్లు ఎక్కువైన రోజు అదే ట్యాగు తీసి మళ్ళీ వాడతారు. ట్యాగు తీసే అధికారం రిపేరు చేసినవాడికి తప్ప ఇంకెవరికీ ఉండకూడదు.

ఫోర్క్‌లిఫ్టు గురించి నడిచేవాళ్ళకి ఒక మాట. ఈ బండి వెనక చక్రాలతో తిరుగుతుంది. నేను ఎడమకి తిప్పితే వెనక భాగం కుడికి ఊడ్చుకుంటూ వస్తుంది. ముందు ఫోర్కులకి దూరంగా ఉన్నాను కదా అని పక్కన నిలబడతారు, దెబ్బ వెనకనుంచి తగులుతుంది. నా కళ్ళలోకి చూసి, నేను తలాడించాకే దాటండి. సరుకు ఎత్తుగా ఉంటే నాకు ముందు ఏమీ కనపడదు, రివర్సులో నడుపుతాను, అప్పుడు ఫోన్ చూసుకుంటూ నడవకండి బాబూ. కొత్త డ్రైవర్లకి ఇంకోటి: బండి పక్కకి ఒరుగుతుంటే దూకొద్దు. దూకినవాడి మీదే పడుతుంది. సీటు బెల్టు పెట్టుకుని, స్టీరింగు గట్టిగా పట్టుకుని, పడే వైపుకి కాకుండా రెండో వైపుకి వాలాలి.

చిన్నోడు_ర్యాంపు
దూకొద్దని నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు బాబాయ్. ఇంకా ఏమైనా ఉంటే రాయండి.

ఫోర్క్‌లిఫ్ట్_బాబాయి
రాస్తా రాస్తా, ముందు నువ్వు ఫోన్ జేబులో పెట్టుకుని నడవడం మొదలుపెట్టు.

పల్లవి_ఆర్
నేను ఈ ఫీల్డు కాదు. మా నాన్న సామాను లోడింగులో జీవితమంతా పనిచేసి రిటైరయ్యారు. ఈ థ్రెడ్ చదువుతుంటే ఆయన మాటలే వింటున్నట్టుంది. ఆయనకి ఒక్క పెద్ద యాక్సిడెంట్ కూడా జరగలేదు, ఆ సంగతి గర్వంగా చెప్పేవారు. కానీ ఇప్పుడు కుడి చేయి భుజం కంటే పైకి లేవదు. చొక్కా వేసుకోవడానికి అమ్మ సాయం చేయాలి. మోకాలు రెండుసార్లు ఆపరేషన్ అయింది. టీవీ సౌండు ఇంటి బయటికి వినిపిస్తుంది, ఆయనకి మాత్రం చాలదు. వీటిలో ఏదీ ఏ రిజిస్టర్లోనూ లేదు. వయసు వల్ల అన్నారు. నిజంగా వయసేనా? ఆయన తమ్ముడికీ ఆయనకీ వయసులో పెద్ద తేడా లేదు, అయినా తమ్ముడు ఇంకా హాయిగా చెట్లెక్కుతున్నాడు.

రూల్‌బుక్
పల్లవి గారూ, వయసు ఒక్కటే కాదని చెప్పడానికి ఆధారం ఉంది. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ విమానాశ్రయంలో సామాను ఎత్తే వేలమంది కార్మికుల్ని, వేరే పనులు చేసే కార్మికులతో పోల్చి చాలా ఏళ్ళ రికార్డులు చూశారు. ఈ పనిలో ఏళ్ళు గడిచే కొద్దీ భుజం కీలు జబ్బులు పెరిగాయని తేలింది. మోకాలి కీలులో తొడ ఎముకకీ కాలి ఎముకకీ మధ్య ఉండే మెత్తటి దిండు లాంటి భాగం చిరగడం మీద కూడా అక్కడే పరిశోధన చేశారు, మోకాళ్ళ మీద కూర్చుని బరువులెత్తే పని కాబట్టి.

వినికిడి సంగతి: 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చని నియోష్ హద్దు. 3 డెసిబెల్స్ పెరిగితే ఆ టైము సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. నడుస్తున్న విమానం పక్కన ఆ లెక్క నిమిషాల్లోకి వస్తుంది. చెవి దెబ్బ నొప్పి లేకుండా వస్తుంది, పోయింది తిరిగి రాదు. ఏడాదికోసారి వినికిడి పరీక్ష చేయించి కాగితం దాచుకుంటే అది మీ నాన్నగారి లాంటివాళ్ళకి సాక్ష్యం అవుతుంది. చేరిన రోజు పరీక్ష లేకపోతే "ముందు నుంచీ ఉంది" అంటారు.

చిన్నోడు_ర్యాంపు
ఇయర్ ప్లగ్గులు పెట్టుకుంటే వెనకనుంచి టగ్గు వచ్చేది వినపడదని మావాళ్ళు పెట్టుకోరు.

టగ్గు_డ్రైవర్
ఇంజిను మోతలో ప్లగ్గు లేకపోయినా నా టగ్గు నీకు వినపడదు తమ్ముడూ. పెట్టుకో. వెనక్కి తిరిగి చూడటం అలవాటు చేసుకో.

నిశాచరి
కోల్డ్ రూములో, మందుల సరుకు దగ్గర పని. దెబ్బ కనపడని ప్రమాదం గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా. డ్రై ఐస్. పెట్టె మీద యూఎన్ 1845 అని, ప్రమాదకర సరుకుల్లో 9వ క్లాసుకి వేసే నలుపు తెలుపు చారల లేబులు ఉంటుంది. అది కరిగి నీళ్ళవదు, నేరుగా కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఒక్క కేజీ నుంచి దాదాపు 500 లీటర్ల గ్యాస్ వస్తుంది. గాలి కంటే బరువు కాబట్టి కిందే పేరుకుంటుంది, కంటైనరు లోపల, మూసిన గదిలో, మనం వంగి పనిచేసే ఎత్తులోనే.

నాతో పనిచేసే అమ్మాయి రాత్రి మూసి ఉన్న కంటైనరు తలుపు తీసి వెంటనే లోపలికి వెళ్ళి స్టిక్కర్లు చూస్తోంది. తలనొప్పి, ఆయాసం, గుండె దడ. నిద్ర లేకపోవడం వల్లేమో అనుకుని ఇంకాసేపు లోపలే ఉంది. బయటికి వచ్చి పడిపోయింది. అదృష్టం కొద్దీ బయటికి వచ్చాక పడిపోయింది. అప్పటి నుంచి తలుపు తీశాక కాసేపు తెరిచి వదిలేస్తాం, ఒక్కరమే వెళ్ళం. గ్యాస్ మీటరు కావాలని అడిగితే ఒకటి ఇచ్చారు, దానికి నేను చాలా పోరాడాను. ఎవరైనా లోపల పడిపోతే గబుక్కున వెనకాలే దూరకండి, రెండోవాడు కూడా పడిపోతాడు. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలు ఉంటుంది, ఉత్త చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టే పోతుంది.

సరుకు_సుబ్బు
ఇది చదివి మా ప్యాకింగ్ వాళ్ళకి పంపాను నిశాచరి గారూ. డ్రై ఐస్ ఎన్ని కేజీలో పెట్టె మీద రాయాలన్న నియమం ఉంది, అది ఎందుకో వాళ్ళకి ఇప్పుడు అర్థమవుతుంది.

గాలిపటం
మళ్ళీ ఆ బోర్డు సంగతికి వస్తాను. "ప్రమాదాలు లేని రోజులు" అని బోర్డు, అది ఫలానా సంఖ్య చేరితే అందరికీ బహుమతి. ఇలా పెడితే దెబ్బ తగిలినవాడు తోటివాళ్ళ బహుమతి చెడగొట్టినవాడు అవుతాడు. వాడే నోరు మూసుకుంటాడు. మా దగ్గర వేలు చితికినవాడు జేబులో చేయి పెట్టుకుని షిఫ్టు పూర్తి చేశాడు. నాకు ఆ బోర్డును చూస్తే ఒళ్ళు మండుతుంది.

పాత_షెడ్డు
బోర్డు పెట్టకముందు ఎవరూ సేఫ్టీ గురించి మాట్లాడేవాళ్ళే కాదు. దాని వల్ల కాస్త భయం వచ్చింది.

గాలిపటం
భయం దెబ్బ గురించి రావాలి, చెప్పుకోవడం గురించి కాదు.

రూల్‌బుక్
నా అనుభవంలో రాతలో ఏమీ లేని షెడ్డే ఎక్కువ భయపెడుతుంది. మంచి షెడ్డులో చిన్న దెబ్బలు, తృటిలో తప్పినవి, విరిగిన రోలర్లు అన్నీ రాతలో ఉంటాయి. ఒకే డాక్ (సరుకు ఎక్కించి దించే చోటు) దగ్గర మూడుసార్లు ప్యాలెట్ జారిందని కాగితం మీద కనపడితే నాలుగోది జరగకముందే ఆ డాక్ మూసి బాగు చేయమని నేను అడగగలను. కాగితం లేకపోతే రోలర్లకి బడ్జెట్ అడిగినప్పుడు నన్నే "ఎక్కడ జరిగాయి ప్రమాదాలు?" అని అడుగుతారు. రవి గారి నడుము రాతలోకి వస్తే బరువు స్టిక్కరు లేని పెట్టెల గురించి అడగడానికి నాలాంటివాడి చేతికి ఆధారం దొరికినట్టు.

పాత_షెడ్డు
ఆ మాట ఒప్పుకుంటాను. లిఫ్టు టేబుల్ కావాలని నేను ఎన్నోసార్లు అడిగాను. "మీ షెడ్డులో నడుము కేసులు ఒక్కటీ లేవు కదా" అనే కారణంతోనే వాయిదా వేశారు.

రాత్రిషిఫ్టు_రవి
డాక్టర్ని కలిశాను. డిస్కు కొంచెం జరిగిందన్నారు, ప్రస్తుతానికి ఆపరేషన్ అక్కర్లేదు. పనిలో బరువెత్తినప్పుడు జరిగిందని చీటీలో రాశారు, బరువులు ఎత్తకూడదని కూడా. ఇంట్లో జరిగిందని రాసివ్వలేదు. సూపర్‌వైజరు కోప్పడలేదు, "నేను పైకి ఏం చెప్పాలి?" అని తల పట్టుకున్నారు. రిజిస్టరు ఇంకా నా చేతికి ఇవ్వలేదు. ఇప్పుడేం చేయను?

రూల్‌బుక్
రిజిస్టరు కోసం ఆగకండి. మీరే రాతపూర్వకంగా పంపండి, మెయిల్ అయినా, ఫోన్లో మెసేజ్ అయినా, తేదీ పడేలా. పొడుగ్గా వద్దు. ఏ రోజు, ఏ షిఫ్టు, ఏ డాక్, ఏ ఎయిర్‌వే బిల్లు నంబరు, ఏం ఎత్తారు, ఏమైంది, ఎవరు చూశారు, ఎవరికి చెప్పారు. ఎవర్నీ నిందించకండి. డాక్టరు చీటీ ఫోటో జత చేయండి. కాంట్రాక్టరుకీ, టెర్మినల్ సేఫ్టీ విభాగానికీ ఇద్దరికీ పంపండి. ఇద్దరిలో ఒకరు "మా బాధ్యత కాదు" అంటారు, అందుకని ఇద్దరికీ. పని గాయాల పరిహారానికి గడువులు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి, మీ దగ్గర కార్మిక శాఖనో యూనియన్‌నో ఈ వారంలోనే అడగండి.

టగ్గు_డ్రైవర్
ఆ రోజు నీ పక్కనున్నవాడి చేత కూడా రెండు వాక్యాలు రాయించుకో. ఆ పెట్టె అతని కాలి మీద పడకుండా ఆపావు కదా, కాదనడు.

పాత_షెడ్డు
రవీ, మీ సూపర్‌వైజరుకి నా మాటగా చెప్పు. పైకి చెప్పాల్సింది "ఒక పెట్టె బరువు స్టిక్కరు లేకుండా వచ్చింది, మనిషికి దెబ్బ తగిలింది, కాటా రికార్డు ఇదిగో" అని. ఆ పెట్టె ఇంకా వెళ్ళకపోతే విడిగా తూకం వేయించమను. వెళ్ళిపోయి ఉంటే అవతల స్టేషన్‌కి మెసేజ్ పెట్టి అక్కడ తూకం వేయించమను, అక్కడ దించేవాడి నడుమైనా నిలుస్తుంది. నేనైతే అలాగే చేస్తాను.

ఫోర్క్‌లిఫ్ట్_బాబాయి
ఇదీ మాటంటే! మీ షెడ్డులో ఖాళీ ఉందా గురువుగారూ?

చిన్నోడు_ర్యాంపు
ఒక డౌటు. ఎర్ర ట్యాగు పీకేసిన డాలీ మీద పని చేయమంటే నేను చేయనని అనొచ్చా? కొత్తవాణ్ణి, పంపించేస్తారేమో.

రూల్‌బుక్
అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందంలో ఇది ఉంది. ప్రాణానికో ఆరోగ్యానికో వెంటనే తీవ్రమైన ప్రమాదం ఉందని నమ్మడానికి తగిన కారణం ఉంటే పని నుంచి పక్కకి తప్పుకోవచ్చు, దానికి శిక్ష ఉండకూడదు. 2022లో ఈ ఒప్పందాన్ని ఆ సంస్థ ప్రాథమికమైనవాటిలో చేర్చింది. మీ దేశ చట్టంలో అది ఏ రూపంలో ఉందో తెలుసుకోవాలి. కాగితం మీద హక్కు ఉన్నా కొత్తవాడు ఒక్కడే నిలబడటం కష్టమని నాకు తెలుసు.

టగ్గు_డ్రైవర్
"చేయను" అని మొదలుపెట్టకు. "సార్, లాకు పడట్లేదు, వేరే డాలీ తెప్పించండి, ఈలోపు ఆ కంటైనరు చూస్తాను" అను. సీనియర్ని పక్కన పెట్టుకుని అను. డాలీ నంబరు గ్రూపులో పెట్టు. నంబరు గ్రూపులో పడ్డాక దాన్ని వాడమని చెప్పేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

నిశాచరి
చిన్నోడూ, పంపించేస్తారని భయమేస్తే ఆ డాలీ నంబరు నాకు మెసేజ్ చేయి, మా షెడ్డు నుంచి సేఫ్టీకి పంపే పద్ధతి చెప్తాను. పేరు రాయకుండా రిపోర్టు చేసే పెట్టె చాలా టెర్మినల్స్‌లో ఉంటుంది, మీ దగ్గర ఎక్కడుందో కనుక్కో. మా దగ్గరైతే లాకర్ల వెనక మూల పెట్టారు, తాళం చెవి సేఫ్టీ వాళ్ళ దగ్గరే ఉంటుంది.

చిన్నోడు_ర్యాంపు
మా దగ్గరా ఉందట అక్కా, ఇప్పుడే అడిగాను. డాలీ నంబరు రాసి వేస్తున్నాను.